ఆపింది కుబార్సీయా, జెండానా?

విజయనగరం గంటస్తంభం దగ్గర టీ తాగుతూ మావాళ్లు మళ్లీ 2024 అక్టోబర్ ఎల్ క్లాసికో (రియల్ మాడ్రిడ్, బార్సిలోనా ఫుట్‌బాల్ పోరు) తవ్వారు. మాడ్రిడ్ సొంత మైదానం బెర్నబ్యూలో బార్సిలోనా 4-0తో గెలిచిన మ్యాచ్. మాడ్రిడ్ స్ట్రైకర్ ఎంబాపే ఏకంగా 8 సార్లు ఆఫ్‌సైడ్, అంటే పాస్ వదిలే క్షణానికే డిఫెండర్లను దాటి గోల్ వైపు ఉండిపోయాడు!

"ఆఫ్‌సైడ్ జెండా ఎత్తింది లైన్ రిఫరీ రా, అందులో మీ బార్సిలోనా డిఫెండర్ కుబార్సీ గొప్పేముంది?" అన్నాడు మాడ్రిడ్ వీరాభిమాని మా బావ. నాకు ఒళ్లు మండింది. అంత వేగమున్నవాడు ఎదురుంటే ఎవడైనా గోల్ వైపు వెనక్కి పరిగెడతాడు. ఈ 17 ఏళ్ల కుర్రాడు మధ్యగీతకు దగ్గర్లోనే నిలబడి, సరిగ్గా పాస్ వదిలే క్షణానికి ఒక్క అడుగు ముందుకేసి ఎంబాపేని ఆఫ్‌సైడ్‌లో వదిలేసేవాడు. అది అర సెకను ఆలస్యమైతే గోలే. కోచ్ ఫ్లిక్ పథకం నేర్పాడు సరే, ఆ గుండెధైర్యం కూడా ఆయనే ఇచ్చాడా?

డిఫెన్స్‌లో కుబార్సీ పక్కన ఇనీగో మార్టినెజ్ లాంటి అనుభవజ్ఞుడు ఉన్నాడన్నది నిజమే. ఆ మాట బావ ముందు ఎత్తుతానా ఏంటి!