1930 కాగితం రాయగడలో దొరకదు

ఒడిశాలోని రాయగడ కొండల్లో డొంబు కులపు పెద్దాయన ఒకరి చేత మొన్న మాట పడ్డాను. "పాత కాగితం ఏదైనా ఉందా తాతా?" అంటే, "మా తాత తవ్విన బావి ఉంది. అది రాసుకోవా బాబూ?" అన్నాడు. ఆ కోపం న్యాయమైనదే. అడంగల్, 1-బి చూసి భూమి ఎవరిదో తేల్చుకునే మనవాళ్ల కంటికి కాగితం లేని హక్కు ఆనదు. చట్టానికి మాత్రం ఆనుతుంది.

2006 అటవీ హక్కుల చట్టం కింద, షెడ్యూల్డు తెగ అయిన కోంధులకు 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి భూమి అనుభవంలో ఉంటే చాలు. పక్కింటి డొంబులు షెడ్యూల్డు కులం. వాళ్లు ఆ తేదీకి ముందు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా, అడవి మీద ఆధారపడి అక్కడే ఉన్నట్టు చూపాలి. లెక్క 1930కి పోతుంది. ఒడిశా వేరు ప్రావిన్సు అయిందే 1936 ఏప్రిల్ 1న! అంతకుముందు ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీ, విశాఖపట్నం జిల్లా, జయపురం జమీందారీ. ఇక్కడి కచేరీలో కాగితం లేకపోవడం ఆ కుటుంబం తప్పా?

చరిత్రకారుడు కావలసింది ఇక్కడే. ఆ చట్టం కింది నిబంధనల్లో 13వది గెజిటీర్లు, సర్వే పటాలు, సంస్థానాల రికార్డులతో పాటు బావులు, శ్మశానాలు, వంశావళి, దరఖాస్తుదారు కాని పెద్దల వాంగ్మూలం కూడా ఒప్పుకుంటుంది. ఫలానా కాగితమే తెమ్మని దరఖాస్తులు తేల్చే కమిటీలు పట్టుబట్టకూడదని 2012 సవరణ చెబుతోంది.

అయినా ఫైళ్లు తిరిగొస్తాయి. ఎక్కువగా చెడేది వాంగ్మూలాల దగ్గరే. ఐదుగురి మాట ఒకే వాక్యంలో ఉంటే ఎవరు నమ్ముతారు? ఎవరి మాట వాళ్ల భాషలో ముందు రాసుకుని, తర్వాతే ఒడియాలోకి తేవాలి. "చాలా ఏళ్లుగా" అంటే పనికిరాదు. వాలును చదును చేసింది ఏ తరం, బావి తవ్వినప్పుడు శిస్తు ఎవరికి కట్టారు అని అడగాలి. కొండ పేరు పటంలో ఒకలా, ఊరి నోట ఒకలా ఉంటే రెండూ రాయాలి. పోడు అడవిని నాశనం చేస్తోందని ఆనాటి దొరలు రాసిన ఫిర్యాదులు కూడా వదలకూడదు. పోడు అప్పటికే ఉందనడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

కోర్టు దాకా వెళ్తే, 2024 జూలై 1న అమల్లోకొచ్చిన కొత్త సాక్ష్య చట్టం 39వ సెక్షన్ నిపుణుల జాబితాలో "మరే ఇతర రంగమైనా" అని చేర్చింది. పాత చట్టం 45వ సెక్షన్‌లో ఆ మాట లేదు. అయితే కాగితంలో ఉన్నదేదో, దాన్నుంచి తాను తేల్చుకున్నదేదో విడదీసి చెప్పని చరిత్రకారుడు క్రాస్ పరీక్షలో నిలవడు. కెనడాలో ఆదివాసీ తెగల భూమి హక్కు మీద నడిచిన డెల్గముక్ కేసు విచారణ 374 రోజులు సాగినా, 1991 తీర్పు తెగల మౌఖిక చరిత్రకు విలువ ఇవ్వలేదు. దాన్ని పత్రాలతో సమానంగా తూచాలని 1997లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పి, మళ్లీ విచారణ జరపమంది.

విశాఖలో, చెన్నైలో ఉన్న తెలుగువాళ్లు చెన్నై ఎగ్మూరులో పాత ప్రభుత్వ కాగితాలు దాచే పత్రాగారంలో మద్రాసు ప్రెసిడెన్సీ రికార్డులు వెదికి, ధ్రువీకరించిన నకలు పంపగలిగితే, ఆ బావి పక్కన పెట్టడానికి ఒక కాగితం దొరుకుతుంది.