వంగపండు రంగు వాచీ

రాత్రి పదకొండున్నర. అత్తయ్య దగ్గు కూడా సద్దుమణిగింది. నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు. కారణం చెబితే నవ్వుతారు. నా స్మార్ట్‌వాచీ రంగు మారింది.

పెద్దదానికి ఉద్యోగం ఖాయమైందని సాయంత్రం ఫోను చేసింది. చాలా సంతోషం. ఆ సంగతి రేపు తీరిగ్గా రాస్తాను.

వాచీ విషయానికి వస్తే, చేతికి వచ్చిన రోజున అది కాటుకలా నల్లగా ఉండేది. ఇవాళ మధ్యాహ్నం కిటికీ పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తుంటే వెలుతురు పక్కనుంచి పడింది. వేళ్ళ వైపున్న అంచు, అంటే బొత్తాం ఉన్న వైపు, వంగపండు రంగుకు తిరిగి ఉంది. మూల దగ్గర అది కూడా పాలిపోయి బూడిద తేలింది. ఏదో అంటుకుందనుకుని గుడ్డతో తుడిచాను. తరవాత తడిగుడ్డతో తుడిచాను. చివరికి టూత్‌పేస్టు పెట్టి రుద్దాను. రుద్దిన మేర ఇంకాస్త తెల్లబడింది. అక్కడితో ఆపాల్సింది. ఇంకోవైపు కూడా రుద్ది చూశాను, తేడా తెలుస్తుందని. తెలిసింది.

సేవా కేంద్రానికి ఫోను చేశాను. ఇరవై నిమిషాల పాటు ఒకటే వేణువు ముక్క వినిపించారు. ఆ వేణువు ఊదినాయన ఎవరో గానీ, తన సంగీతాన్ని ఇంతమంది ఇంత కోపంగా వింటారని ఊహించి ఉండడు. ఎట్టకేలకు ఒక కుర్రవాడు ఎత్తాడు. ఫొటోలు పంపమన్నాడు, పంపాను. దగ్గరనుంచి తీసి పంపమన్నాడు, పంపాను. కొనుగోలు రసీదు, వెనకవైపున్న సంఖ్య, అన్నీ అయ్యాక అన్నాడు కదా, “మేడమ్, ఇది సౌందర్యపరమైన మార్పు మాత్రమే. పనితీరుకు ఏ ఇబ్బందీ లేదు. వాడకం వల్ల వచ్చే సహజమైన అరుగుదల వారంటీ కిందికి రాదు.”

అరగడానికి ఇదేమైనా చెప్పా బాబూ అన్నాను. అతను నవ్వలేదు. నవ్వి ఉంటే సగం కోపం అక్కడే పోయేది. “ఇంకేమైనా సహాయం చేయగలనా మేడమ్?” అన్నాడు. ఇంకా ఏమిటి, మొదటిది చేస్తే కదా! ఫోను పెట్టేసిన నిమిషానికి సందేశం వచ్చింది, మా సేవకు అయిదింటికి ఎన్ని నక్షత్రాలిస్తారని. దానికి జవాబివ్వకుండా కూర్చోవడమే ఇవాళ నేను చూపించిన సంయమనం.

భోజనాల దగ్గర ఈ గోడు వెళ్ళబోసుకుంటే ఆయన సానుభూతి చూపించడం మాని పాఠం మొదలుపెట్టారు. మీకు తెలిసిందే కదా. అది రంగు వేసిన అల్యూమినియం కాదట, ఆనోడైజ్ చేసిన అల్యూమినియమట. అల్యూమినియానికి గాలి తగలగానే కంటికి కనిపించనంత పలుచని ఆక్సైడ్ పొర తనంతట తానే కట్టుకుంటుంది. ఆ లోహాన్ని ఆమ్లపు తొట్టిలో ముంచి కరెంటు పంపి, ఆ పొరనే కొన్ని వేల రెట్లు మందం చేస్తారు. అప్పటికీ అది తలవెంట్రుక కంటే పలుచనే. అందులో తేనెపట్టు గదుల్లాంటి సన్నని రంధ్రాలు ఉంటాయి. రంగు ఆ రంధ్రాల్లోకి ఇంకుతుంది. తరవాత వేడినీళ్ళలో పెడితే వాటి మూతులు మూసుకుపోతాయి. ఖరీదైన వాచీలకు గాజు బదులు పెట్టే నీలమణి కూడా ఈ అల్యూమినియం ఆక్సైడేనట. మరి అంత గట్టిదైతే ఇదేమిటి అని మణికట్టు చూపించాను. “పొర గట్టిదే, ఆమ్లాలకూ క్షారాలకూ లొంగుతుంది. ఆమ్లమో క్షారమో చెప్పే కొలత, పీహెచ్, 4కు బాగా దిగినా, తొమ్మిది దాటినా కరగడం మొదలవుతుంది. పైగా లోపలి రంగు ఎండకు వెలుస్తుంది. నలుపు వెలిసేటప్పుడు ఊదాకో గోధుమకో తిరగడం మామూలే,” అన్నారు పెరుగన్నం కలుపుకుంటున్నంత ప్రశాంతంగా. ఆయనది స్టీలు వాచీ. దానికి రంగే లేదు కాబట్టి పోయేదీ లేదు. గీత పడినా అందులోని క్రోమియం మళ్ళీ పొర కట్టుకుంటుందట. నల్ల స్టీలు వాచీ అయితే మాత్రం పైన ఉన్నది పూతే, అరిగితే కింద తెల్లటి స్టీలు బయటపడుతుందని కూడా చెప్పారు. ఎవరడిగారు?

పక్క మీద దొర్లుతుంటే నాన్న వాచీ గుర్తొచ్చింది. తాళం తిప్పే వాచీ. ఇత్తడి మీద పూత. నాకు ఊహ తెలిసేనాటికే పట్టీ చెవుల దగ్గర పూత అరిగి, ఇత్తడి పచ్చగా తొంగిచూసేది. నాన్నకు చెమట ఎక్కువ. చెమటలో ఉప్పు, కొంచెం పులుపు. వెనక మూత అంచున ఆకుపచ్చ చిలుము పట్టేది. మణికట్టు మీద కూడా అదే ఆకుపచ్చ వలయం, దాని చుట్టూ దురద. అమ్మ వాచీ మార్చమనేది. నాన్న మార్చలేదు. ఎవరు చెప్పారో, నెలకోసారి ఆదివారం ఉదయం అక్క గోళ్ళరంగు అడిగి తీసుకుని, వాచీ వెనక మూతకు పూత వేసేవారు. రంగులేని సీసా. కుర్చీలో బోర్లా వంగి, నాలుక కొద్దిగా బయటపెట్టి, అంత చిన్న కుంచెతో, చిలుము గీకిన చోటల్లా రెండేసి సార్లు. ఆరేదాకా ఎవరూ ఆ గదిలో నడవకూడదు, దుమ్ము లేస్తుందని.

ఒక ఆదివారం ఆ సీసా ఖాళీ. ఉన్నది ముదురెరుపు ఒక్కటే. అక్క వద్దు నాన్నా అంది. “వెనకవైపు ఎవరు చూస్తారే?” అని ఎర్రగా వేసేసుకున్నారు. ఆ నెలంతా పొద్దున్న నాన్న చొక్కా చేతుల బొత్తాలు పెట్టుకుంటుంటే నేనూ అక్కా ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వేవాళ్ళం. ఒక రోజు ఆఫీసులో చేతులు కడుక్కోవడానికి వాచీ తీసి గట్టు మీద బోర్లా పెట్టారట. పై అధికారి చూశారు. ఏమిటండీ ఇది అని అడిగితే, “మా అమ్మాయిది,” అన్నారట. ఏ అమ్మాయిది, వాచీనా, రంగా? ఆ మాట మీద అక్క ఇప్పటికీ అలుగుతుంది.

లేచి సొరుగులోంచి ఆ వాచీ తీశాను. నడవదు. కానీ వెనక మూత గాడిలో, వేలుగోరు పట్టని చోట, ఎరుపు ఇంకా ఉంది. దాన్ని నా వాచీ పక్కన పెట్టి దీపం వెలుగులో చూస్తుంటేనే అనుమానం మొదలైంది. ఎండకు వెలిస్తే పైన ముఖం చుట్టూ వెలవాలి. అక్కడ ఇప్పటికీ కాటుకే. చెమట అయితే చర్మానికి ఆనే అడుగుభాగం పోవాలి. అడుగు గాజూ సెరామిక్కూ అనుకోండి, దాని చుట్టూ ఉన్న అంచు మాత్రం చెక్కుచెదరలేదు. పోయింది వేళ్ళ వైపున్న అంచు ఒక్కటే. చేతులకు రాసుకునే ఎండ క్రీము అక్కడ చేరుతుందా? చేరుతుంది. కానీ నేనది రాసుకునేది రెండు నెలలకోసారి.

అప్పుడు తట్టింది. ప్రతి ఆదివారం స్నానాలగది కడిగేది నేనే. వంగి రుద్దుతాను కదా, ఆ శ్రమంతా లెక్కలోకి రావాలని వాచీ తీయను. తీస్తే ఆ రోజు ఎంత కదిలానో తెర మీద చూపించే వలయం పూర్తి కాదు. రబ్బరు చేతితొడుగు అంచు సరిగ్గా వాచీ దగ్గర ఆగుతుంది. మరకల మందు, అందులో ఉన్నది హైడ్రోక్లోరిక్ ఆమ్లమే, తొడుగు మీదుగా జారి ఆ మడతలో నిలుస్తుంది. అరగంట. వారం వారం. ఏడాదిన్నర.

ఆనోడైజింగ్‌ను పరిశ్రమల్లో మొదటిసారి వాడింది 1923లో, సముద్రవిమానాల లోహభాగాలను ఉప్పునీటి నుంచి కాపాడటానికట. సముద్రాన్ని తట్టుకున్న విద్యను నేను స్నానాలగదిలో ఓడించాను.

సరే, తప్పు నాదే. ఆ కుర్రవాడి మీద కోపం తగ్గిందా? లేదు. ఆమ్లం తగిలిందా అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే అప్పుడే ఒప్పుకునేదాన్ని. ఒప్పుకునేదాన్నా? ఏమో, లేదనే అనేదాన్నేమో. అయినా ఆ వేణువు మాత్రం అన్యాయం.

చిన్నవాడి నల్ల మార్కరు తెచ్చి అంచుకు పూశాను కూడా. నాన్న కూతుర్ని కదా. ఒక పది నిమిషాలు బ్రహ్మాండంగా ఉంది. తరవాత రంగు నా మణికట్టు మీద ఉంది.

ఇంతకీ అసలు చిక్కు వేరే. ఈ వాచీ పెద్దది తన మొదటి స్టయిపెండ్‌తో కొనిచ్చింది. పెట్టె విప్పుతూ, “అమ్మా, జాగ్రత్తగా వాడతావా, లేక గరిటెలా వాడతావా?” అంది. శుక్రవారం వస్తోంది. వచ్చీ రాగానే చెయ్యి పట్టుకుంటుంది, దాని అలవాటే అంత.

ఒక ఉపాయం దొరికింది. సెట్టింగుల్లో బొత్తాం ఎడమవైపు అని మారిస్తే తెర తలకిందులవుతుంది. వాచీ తిప్పి పెట్టుకోవచ్చు. అప్పుడు వంగపండు అంచు మోచేతి వైపుకు పోయి చొక్కా చేతి కింద దాక్కుంటుంది. ఇప్పుడే మార్చాను. అంతా బాగానే ఉంది గానీ బొత్తాం ఎక్కడుందో వేలికి తెలియడం లేదు. అలారం పెట్టబోయి ఇంకేదో నొక్కాను. ప్రస్తుతం నేను ఈత కొడుతున్నానని లెక్క వేస్తోంది, ఆరు నిమిషాలైంది, దీన్ని ఆపడం ఎలాగో తెలియడం లేదు.