11వ వారం: అరుగు తగాదా

మా కుక్కలు చుక్క, భైరు నిన్న సాయంత్రం మళ్లీ కొట్టుకున్నాయి. రక్తం రాలేదు, చుక్క చెవి పక్కన బొచ్చు ఉమ్మితో తడిసిందంతే. కానీ ఎనిమిది రోజులు ఏ గొడవా లేకుండా గడిచాక జరిగేసరికి రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారగానే టేపు పట్టుకుని అరుగంతా మళ్లీ కొలిచాను.

మార్చిలో మా పెళ్లయింది, ఇద్దరికీ రెండోదే. నేను, మా అబ్బాయి, చుక్క అమలాపురం నుంచి రాజోలు దగ్గర ఈ ఊరు వచ్చాం. ఇక్కడ మా ఆయన, పదకొండేళ్ల పాప, అత్తయ్యగారు, భైరుగాడు ఉన్నారు. చుక్కని ఏదో బండి గుద్దేసి పోతే బస్టాండు దగ్గర నుంచి తెచ్చుకున్నాను. దాని ఎడమ వెనక కాలు వంకరగా అతుక్కుంది. భైరుగాడు 2022 జూలై వరదలో గోదావరి లంక నుంచి పడవెక్కి వచ్చినవాడు. అప్పటికి రెండు నెలల పిల్ల, మా ఆయన తువ్వాల్లో చుట్టి తెచ్చారట.

కాలువ గట్టు మీద పక్కపక్కన నడక మూడో వారానికే కుదిరింది. తిండి దగ్గర పేచీ లేదు. పాప పిలిస్తే చుక్క తోక ఊపుకుంటూ పోతోంది, మా అబ్బాయి కనిపిస్తే చాలు భైరు వెల్లకిలా పడిపోతాడు.

తెగనిదల్లా వీధి అరుగు.

ఎత్తు 30 అంగుళాలు, పొడవు 9 అడుగులు, వెడల్పు మూడడుగులకి ఒక అంగుళం తక్కువ. మధ్యలో మూడు మెట్లు, ఒక్కోటి 10 అంగుళాలు. పడమటి కొసన పడక్కుర్చీ కింద భైరు మకాం. చుక్క మెట్లెక్కబోతే వాడు బిగుసుకుపోతాడు. ముందు నోరు మూసుకుంటుంది, తర్వాత తోక కొయ్యలా నిలబడుతుంది, ఆ తర్వాత గుర్రు. గుర్రుమన్నందుకు మేమెవరం వాణ్ని తిట్టం. ఆ గుర్రు మానిపిస్తే ఏ హెచ్చరికా లేకుండా కరవడం నేర్చుకుంటాడు. ఈ మాట అత్తయ్యగారికి నచ్చజెప్పడానికి రెండు వారాలు పట్టింది. "అరుగెవరిదో తేల్చడానికి పెద్దమనుషుల్ని పిలవాలా ఏంటమ్మాయ్" అన్నారు మొదట్లో. ఇప్పుడు ఆవిడే నాకంటే ముందు "వాడి నోరు మూసుకుంది చూడు" అని కేకేస్తున్నారు.

పదహారు రోజులు నోటుబుక్కులో రాశాను. చుక్క అరుగెక్కింది 41 సార్లు. భైరు గుర్రుమన్నది 13 సార్లు. ఆ 13లో 10 వాన పడుతుండగానే.

మొదట తిండేనేమో అనుకున్నాను, ఎందుకంటే అత్తయ్యగారు మిగిలిన పెరుగన్నం అరుగు మీదే పెట్టేవారు. ఐదు రోజులు ఆపేశాం, తేడా రాలేదు. తర్వాత పడక్కుర్చీ లోపలికి తీసేశాం. వాడు ఒక పూట వెతుక్కుని ఖాళీ నేల మీదే అదే చోట పడుకున్నాడు. కుక్కని నెమ్మదింపజేస్తుందంటూ అమ్మే, మెడకి కట్టే వాసన పట్టీ ఒకటి ఆన్‌లైన్లో తెప్పించాను. నాలుగు వారాలు కట్టాం, నా దృష్టిలో దండగ.

మూడో అనుమానం వరద. వాన మొదలైతే వాడు అరుగెక్కి వీధి చివరికే చూస్తూ కూర్చుంటాడు. నీళ్లు చూసిన ప్రాణం కదా, ఎత్తు జాగా వదలడం లేదని మా ఆయన నమ్మకం. నేనూ అదే నమ్మాను, వినగానే గుండె కరిగిపోయే మాట అది. కానీ వాన పడితే రెండూ తలదాచుకోవడానికి అరుగు దగ్గరికే చేరతాయి, గొడవ ఎక్కువవడానికి అదొక్కటి చాలదూ?

అసలు సంగతి పాప ఫోన్లో తీసిన వీడియోలో దొరికింది. నెమ్మది చేసి చూశాం. భైరు మూడు మెట్లూ రెండు సెకన్లలో ఎక్కేస్తాడు. చుక్కకి తొమ్మిది. ప్రతి మెట్టు ముందూ ఆగి, మంచి కాలి మీద బరువు సర్దుకుని, ఎగరాల్సిన చోటు గుచ్చి గుచ్చి చూసి, అప్పుడు గెంతుతుంది. ఆ తొమ్మిదిలో ఆరు సెకన్లు దాని చూపు తిన్నగా పైనే, అంటే భైరు మొహం మీదే. కుక్కల భాషలో అంతసేపు కళ్లలోకి చూడటం కయ్యానికి కాలు దువ్వడమే. పాపం అది చూసేది మెట్టుని. రాయి తడిస్తే కాలు జారుతుంది కాబట్టి ఇంకా నెమ్మదిస్తుంది, వానలో 14 సెకన్లు పట్టింది. వరద కథ పక్కనపెట్టినా ఆ పదిసార్ల లెక్క సరిపోతోంది.

అందుకని తూర్పు కొస నుంచి వాలుగా దారి వేశాం. దొడ్లో పడి ఉన్న పాత కొబ్బరి దూలం చెక్క, 7 అడుగుల పొడవు, 11 అంగుళాల వెడల్పు. జారకుండా ప్రతి ఆరు అంగుళాలకీ కొబ్బరి పీచు తాడు చుట్టమంది పాప. నేను రబ్బరు మ్యాట్ కొందామనుకున్నాను, పిల్ల చెప్పిందే మేలు. గోళ్లు పీచులో దిగుతున్నాయి. ఉడికించిన చికెన్ లివర్ ముక్కలతో నాలుగు రోజుల్లో అలవాటైంది. ప్యాకెట్ ట్రీట్లు ఏ కంపెనీవైనా సరే, లివర్ ముందు నిలవవు. చెక్క మీద నాలుగు సెకన్లలో ఎక్కేస్తోంది, పైగా పక్కవాటుగా, భైరుకి భుజం చూపిస్తూ. ఎనిమిది రోజులు ఒక్క గుర్రు లేదు.

నిన్న సాయంత్రం ఆరున్నరకి జోరువాన. చుక్క చెక్క దాకా పరుగెత్తింది. చూరు నీళ్లు ధారగా సరిగ్గా చెక్క మధ్యలో పడుతున్నాయి. ముట్టె మీద చుక్కలు పడగానే తల విదిలించుకుని, వెనక్కి తిరిగి మెట్ల వైపు వెళ్లింది. రెండో మెట్టు మీద వెనక కాలు జారింది. భైరు నోరు మూసుకున్నాడు. నేను వంటింట్లోంచి వచ్చేలోపే మీద పడ్డాడు. పీట అడ్డం పెట్టి విడదీశాను. చేతులు మాత్రం పెట్టకూడదు. రెండిటికీ ఏటా రేబిస్ టీకా వేయిస్తున్నాం, అయినా మనకి పన్ను గీసుకుంటే 15 నిమిషాలు సబ్బుతో పంపు కింద కడుక్కుని ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

ఎనిమిది రోజులూ ఎండే కాసింది. చెక్క వేసినప్పుడు చూరు వైపు నేను తల కూడా ఎత్తలేదు. ఇవాళ బిందెతో పెంకుల మీద నీళ్లు పోసి చూశాను. ధార గోడకి 38 అంగుళాల దూరంలో పడుతోంది, చెక్క మొదలుకొని సగం వరకూ దాని కిందే ఉంది. చెక్కని గోడవారకి జరుపుదామంటే తులసికోట అడ్డం. అందుకని నాలుగంగుళాల పీవీసీ పైపు నిలువునా కోయించి చూరు కింద కట్టిస్తున్నాం. మా ఆయన రేపు రాజోలు నుంచి తెస్తానన్నారు. అది బిగించేదాకా మబ్బు పడితే చుక్క వంటింట్లోనే.

కరవకుండా మూతికి తొడిగే బుట్ట మూతికట్టు కూడా తెమ్మన్నాను. గుడ్డది వద్దని గట్టిగా చెప్పాను, నోరు తెరిచి వగర్చలేకపోతే మన ఉక్కలో కుక్కకి వడదెబ్బ తగలడానికి ఎంతోసేపు పట్టదు. మృగశిర వచ్చేసింది, కాలువకి నీళ్లూ వదిలారు. పైపు పని అయ్యాక తూర్పు కొసన చుక్కకి నులక మంచం వేసి, రెండిటి మధ్య ఆరడుగులు ఉండేలా చూస్తాను. మంచం నేయడం వచ్చిన తాత పక్క వీధిలోనే ఉన్నాడు, పాత నులకతో అయితే 2 రోజులన్నాడు.