పాతిక ఫ్లాట్లకి మెయింటెనెన్స్ ఏజెన్సీ: నా అనుభవం

మాది హైదరాబాద్ నిజాంపేటలో స్టిల్ట్ (కింద పార్కింగ్) ప్లస్ ఐదు అంతస్తుల అపార్ట్‌మెంట్. పాతిక ఫ్లాట్లు, ఒక లిఫ్టు, ఒక జనరేటర్, ఎండాకాలం చేతులెత్తేసే బోరు ఒకటి. సెక్రటరీగా ఎవరుంటారంటే జనరల్ బాడీ మీటింగ్‌లో అందరూ ఫోన్లు చూసుకునేవాళ్లే. కొన్నేళ్లు మోసిన 401 సార్ ఇక నావల్ల కాదనేసరికి, "ఏజెన్సీకి ఇచ్చేద్దాం, గొడవుండదు" అని వాట్సాప్ గ్రూపులో మొదలైంది. ట్రెజరర్‌ని కాబట్టి కొటేషన్లు తెప్పించే పని నామీద పడింది.

పేరున్న కంపెనీలు పాతిక ఫ్లాట్లనగానే ఫోన్‌లోనే నీరుగారిపోయాయి. మా లెక్క వాళ్లకి ఆనదు. మిగిలినవి చుట్టుపక్కల కాలనీలు చూసే చిన్న ఏజెన్సీలు. మొదట వచ్చిన రెండు కొటేషన్లూ ఇద్దరు సెక్యూరిటీ గార్డులకే. ఒకాయన ఇద్దరికీ కలిపి 36 వేలు, జీఎస్టీతో సహా అన్నాడు. ఇంకో ఆయన 55 వేల పైచిలుకు. గ్రూపులో తీర్పు అప్పుడే వచ్చేసింది, 36 వేలాయనకి ఇచ్చేయమని.

రెండో ఆయన కాగితంలో మాత్రం అంకెలన్నీ విడివిడిగా ఉన్నాయి. గార్డు జీతం 15,000. దాని మీద యాజమాన్యం వాటా పీఎఫ్ ఖర్చులతో కలిపి 13 శాతం, ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) 3.25 శాతం, బోనస్ 8.33 శాతం. వారానికో రోజు సెలవిస్తే ఆ రోజు వచ్చే మనిషి ఖర్చు ఆరో వంతు. దాన్ని రిలీవర్ చార్జీ అంటారు. అంతా కూడితే 21,800. దానిపై ఏజెన్సీ సర్వీస్ చార్జీ 8 శాతం, ఆపైన జీఎస్టీ 18 శాతం. 15 వేల జీతం మా దగ్గరికొచ్చేసరికి 27,800 అయింది. అతని వాటా పీఎఫ్ 12 శాతం, ఈఎస్ఐ 0.75 శాతం పోగా గార్డు చేతికి అందేది 13 వేల చిల్లర.

ఇప్పుడు 36 వేలాయన లెక్క తిరగేయండి. మనిషికి 18 వేలు. జీఎస్టీ తీస్తే 15,250. అందులో ఏజెన్సీ లాభం పోను పీఎఫ్, రిలీవర్ ఎక్కడ సర్దుతాడు? అడిగితే "అన్నీ ఇన్‌క్లూడెడ్ సార్" అన్నాడు. పోయిన నెల పీఎఫ్ ఈసీఆర్ చూపించమన్నాను. నెల నెలా ఎవరి పేరు మీద ఎంత కట్టారో పేరుపేరునా ఉండేది ఆ కాగితంలోనే. ఆడిటర్ దగ్గరుందన్నాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు.

ఖరీదైన కొటేషన్‌లోనూ మెలిక ఉంది. డ్యూటీ 12 గంటలు, వేసిన జీతం ఎనిమిది గంటల లెక్కన. మిగతా నాలుగు గంటల ఓవర్‌టైమ్ ఊసే లేదు. అది కూడా వేస్తే ఫ్లాటుకి సెక్యూరిటీకే నెలకి మూడు వేలు దాటుతుంది. మా మెయింటెనెన్సే 2,500. జీఎస్టీ వెనక్కి రాదా అని 504 అబ్బాయి అడిగాడు. మా ఏడాది వసూళ్లు ఏడున్నర లక్షలు. 20 లక్షలు దాటితే తప్ప మనం జీఎస్టీలో రిజిస్టరే అవక్కర్లేదు, కాబట్టి ఆ 18 శాతం మన నెత్తినే.

ఆ రెండో ఏజెన్సీ వాళ్లు నడుపుతున్న అపార్ట్‌మెంట్ ఒకటి చూపించమన్నాం. పగలు సూపర్‌వైజర్ వెంట తిప్పితే లాబీ అద్దంలా ఉంది. రాత్రి పదింటికి నేనూ 203 మేడమ్ మళ్లీ వెళ్లాం. గేటు దగ్గర కుర్రాడి చొక్కా మీద వేరే ఏజెన్సీ పేరు. ఇదేంటి తమ్ముడూ అంటే, పాత ఏజెన్సీది అన్నాడు, కొత్తది ఇంకా ఇవ్వలేదట. జీతం ఎప్పుడిస్తారంటే "పదో తారీకు దాటుద్ది మేడమ్, ఒక్కోసారి ఇరవై" అన్నాడు. జనరేటర్ ఎప్పుడు, ఎంతసేపు నడిచిందో రోజూ రాయాల్సిన లాగ్ పుస్తకం అడిగాం. నెలంతా ఒకే పెన్నుతో, ఒకే రాతతో, ఒక్కరోజే కూర్చుని రాసినట్టుంది. ఏ ఏజెన్సీ అయినా లాబీ చూపిస్తుంది. మీరు లాగ్ పుస్తకం అడగండి.

మా వాచ్‌మన్ సంగతి దీనికంటే పెద్ద చిక్కు. పాలమూరు నుంచి వచ్చిన కుటుంబం, స్టిల్ట్‌లో గదిలో ఉంటారు. గార్డులొస్తే ఆ గది ఖాళీ చేయాలి. ఎవరో చెప్పినట్టున్నారు, ఒక పొద్దున మోటారు వేస్తూ "మమ్ముల్ని పంపిస్తున్రా సారూ?" అనడిగాడు. ఇంకా ఏమీ అనుకోలేదన్నాను, అది నిజమే.

మూడో ఏజెన్సీ ఒక దారి చూపించింది. గార్డులొద్దు, మీ వాచ్‌మన్‌నే మా రోల్స్‌లోకి తీసుకుంటాం, పీఎఫ్ వస్తుంది అన్నారు. బాగానే ఉందనిపించింది. అగ్రిమెంట్ పూర్తిగా చదివితే పదో పేజీలో తేలింది: కాంట్రాక్టు ముగిశాక ఏడాదిపాటు ఏజెన్సీ మనుషుల్ని అసోసియేషన్ పనిలో పెట్టుకోకూడదు. అంటే వాళ్లని మాన్పించిన రోజు మా వాచ్‌మన్ కూడా వాళ్లతోనే పోవాలి! ఇంకో క్లాజు, వాటర్ ట్యాంకర్లు వాళ్లు చెప్పినవాళ్ల దగ్గరే కొనాలని. ఏప్రిల్, మేలలో మా ఖర్చంతా ట్యాంకర్లదే, కమీషన్ ఎక్కడుందో వేరే చెప్పక్కర్లేదు. ట్యాంకర్ క్లాజు కొట్టేశారు. మనుషుల క్లాజు కంపెనీ రూలన్నారు. సరే, వాచ్‌మన్‌ని మేమే ఉంచుకుంటామన్నాం.

చివరికి వాళ్లకి ఇచ్చింది నాలుగు పనులు: వారానికోసారి టెక్నీషియన్ వచ్చి మోటార్లు, ప్యానెల్ బోర్డు, జనరేటర్ చూడటం, లిఫ్ట్ ఏఎంసీ (ఏడాది మరమ్మతుల కాంట్రాక్టు) వాళ్ల వెంటపడటం, సంపూ ట్యాంకులూ కడిగించడం, లెక్కలు రాయడం. నెలకి 12 వేలు, జీఎస్టీతో 14,160. శాతం కాదు, ఫిక్స్‌డ్. మొత్తం ఖర్చు మీద శాతం ఇస్తే ఖర్చు తగ్గించాలని వాళ్లకెందుకుంటుంది? మొదటి మూడు నెలలు ట్రయల్, ఆ తర్వాత ఎవరు మానాలన్నా నెల నోటీసు. ఇప్పటిదాకా వాచ్‌మన్ జీతంలోనే కలిపేస్తున్న మెట్లు ఊడ్చే పనికి అతని భార్యకి వేరుగా ఐదు వేలివ్వాలని 203 మేడమ్ పట్టుబట్టి తీర్మానం రాయించారు. వాచ్‌మన్‌కి పీఎఫ్ లేదు, అది లోటే. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కట్టే రెండు లక్షల సురక్షా ప్రమాద బీమా ఇద్దరికీ చేయించాం, దాన్ని పీఎఫ్‌తో సమానం అనను.

సంతకాలప్పుడు ఆడిటర్ ఇంకోటి పట్టారు. రిజిస్టరైన సొసైటీ కాబట్టి, ఏడాది చెల్లింపులు లక్ష దాటితే కాంట్రాక్టరు బిల్లులో టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోయాలి; కంపెనీ అయితే రెండు శాతం, సొంత పేరు మీద నడిపేవాడైతే ఒక శాతం. అసోసియేషన్‌కి పాన్ ఉంది, టీడీఎస్ కట్టడానికి కావాల్సిన టాన్ నంబరు లేదు. దానికి దరఖాస్తు పెట్టి వచ్చాకే మొదటి బిల్లు చెల్లించాం.

టెక్నీషియన్ బాగా చేస్తున్నాడు. లెక్కలే ఇంకా ఆలస్యంగా వస్తున్నాయి, ఐదో తారీకుకి రావాల్సింది పన్నెండుకి పంపుతున్నారు. ట్రయల్ అయ్యేలోగా దారికి రాకపోతే ఆ పని వెనక్కి తీసుకుని బిల్లులో రెండు వేలు తగ్గిస్తామని మెయిల్ పెట్టాం. సరేనని జవాబొచ్చింది.