ఒలింపియాను దాచిన ఒండ్రు

గ్రీసుకు వెళ్ళి వచ్చినవారు ముందుగా ఏథెన్స్‌లోని అక్రోపోలిస్ గురించే చెబుతారు. ఆ ప్రయాణంలో మా మామయ్యకూ నాకూ బాగా నచ్చింది మాత్రం దక్షిణ గ్రీసులోని పెలొపొన్నీస్ ద్వీపకల్పపు పడమటి భాగంలో ఉన్న ఒలింపియా. గౌతమికీ వైనతేయకూ నడుమ పుట్టి పెరిగిన మాకు, ఏరు ఒకచోట గట్టును కోసుకుపోయి మరొకచోట మేట వేయడం కొత్త సంగతి కాదు. నదులు పూడ్చిపెట్టడం వల్లనే ఒక పుణ్యక్షేత్రం ఇన్ని శతాబ్దాలు మిగలడం మాత్రం మేము అక్కడే చూశాము.

ఆ క్షేత్రానికి ఉత్తరాన క్రోనోస్ గుట్ట, దక్షిణాన ఆల్ఫియోస్ నది, పడమట దానిలో కలిసే క్లాడియోస్ అనే చిన్న ఏరు ఉన్నాయి. మేము వెళ్ళిన వేసవిలో క్లాడియోస్‌లో మా ఊరి పంటబోదెలో ఉన్నంత నీరు కూడా లేదు. అయినా ఒకప్పుడు అదే ఏరు దారి మార్చుకుని, అక్కడి వ్యాయామశాలలో కొంత భాగాన్ని కోసుకుపోయింది. క్రీ.పూ. 776లో మొదలయ్యాయని సంప్రదాయం చెప్పే ఒలింపిక్ క్రీడలు క్రీ.శ. నాలుగో శతాబ్దం చివరిదాకా సాగాయి; ఆరో శతాబ్దపు భూకంపాలకు, గ్రీకు దేవతల రాజైన జ్యూస్ ఆలయం కూలింది; ఆ తరువాత వరదలు తెచ్చిన మట్టి కొన్ని మీటర్ల మందాన పేరుకుని, ఆలయం ఎక్కడ ఉండేదో కూడా జనం మరిచిపోయారు. 1766లో రిచర్డ్ చాండ్లర్ అనే ఆంగ్లేయుడు ఆ చోటును గుర్తించాడు. 1829లో ఫ్రెంచివారు కొద్దిగా తవ్వి, దొరికిన శిల్పఖండాలను పారిస్‌కు తీసుకుపోయారు. క్రమపద్ధతిలో తవ్వకాలు మొదలైనది 1875లో, ఎర్నెస్ట్ కుర్టియస్ నాయకత్వంలోని జర్మన్ బృందంతో.

ఉద్యోగకాలమంతా లాకుల దగ్గర గడిపిన మామయ్య స్తంభాలకన్నా ముందు మట్టిని చూశారు. తవ్విన భాగం పల్లంగా, చుట్టూ నేల ఎత్తుగా ఉన్నచోట ఆగి, “ఒరేయ్ అల్లుడూ, ఇది పుట్టుమెరక కాదురా, ఏరు వేసిన మేట” అన్నారు. గైడు ఆ మాట చెప్పడానికి ఇంకా పావుగంట పట్టింది.

జ్యూస్ ఆలయాన్ని క్రీ.పూ. ఐదో శతాబ్దంలో లీబోన్ అనే స్థానిక వాస్తుశిల్పి కట్టాడు. 2004లో తిరిగి నిలబెట్టిన ఒక్క స్తంభం తప్ప మిగిలినవన్నీ నేలమీదే ఉన్నాయి. పడిపోయిన స్తంభపు ముక్కను దగ్గరగా చూస్తే రాతి నిండా చిన్న చిన్న గవ్వల గుర్తులు కనిపిస్తాయి. స్థానికంగా దొరికే ఆ గరుకు రాతికి తెల్లని గచ్చు పూసి, చలువరాయిలా కనిపించేటట్లు చేశారట. శిల్పాలకు మాత్రం పారోస్ ద్వీపం నుంచి అసలైన చలువరాతినే తెప్పించారు. ఖర్చు ఎక్కడ తగ్గించాలో, ఎక్కడ తగ్గించకూడదో వారికి బాగా తెలుసు.

పరుగుపందెపు మైదానం పొడవు సుమారు 192 మీటర్లు. జనానికి రాతి మెట్లు లేవు. మట్టికట్టల మీదే కూర్చునేవారు.

మ్యూజియంలో ఎక్కువమంది హెర్మిస్ దేవుడి విగ్రహం ముందే గుమిగూడారు. అది ప్రాచీన గ్రీకు శిల్పి ప్రాక్సిటెలీస్ స్వయంగా చెక్కినదా, తరువాతి కాలపు నకలా అన్న వాదన పండితుల మధ్య ఇంకా ఉంది. నాకు ఆ వాదనకన్నా అది దొరికిన తీరు ముఖ్యమనిపించింది. జ్యూస్ భార్య హెరా ఆలయపు గోడల పైభాగం పచ్చి ఇటుకలతో కట్టినది కావడంతో, ఆ గోడలు కరిగి మట్టిగా మారి, కిందపడిన విగ్రహాన్ని కప్పేశాయి. 1877లో బయటపడినప్పుడు దాని ముఖం దాదాపు చెక్కుచెదరకుండా ఉంది.

ఫీడియాస్ అనే శిల్పి పనిచేసిన శాల నుంచి వచ్చిన వస్తువులు ఇంకొక గదిలో ఉన్నాయి. ప్రపంచపు ఏడు వింతలలో ఒకటిగా లెక్కించిన ఆయన జ్యూస్ విగ్రహం నేడు లేదు. దాని వస్త్రపు మడతల కోసం వాడిన మట్టి అచ్చులూ, అడుగున “నేను ఫీడియాస్‌ది” అని గీసి ఉన్న నల్లని చిన్న పానపాత్రా మిగిలాయి. హెర్మిస్ దగ్గర ఐదు నిమిషాలు తగ్గించుకునైనా ఆ పాత్రను చూడవలసిందని నా సలహా.

జ్యూస్ ఆలయపు తూర్పు ముఖం మీది శిల్పాలు పురాణకథలోని పెలాప్స్, ఒయినోమావోస్‌ల రథపందెం మొదలయ్యే ముందటి క్షణాన్ని చూపుతాయి. రాజులు, గుర్రాలు, జరగబోయేది తెలిసి చెంపకు చేయి చేర్చుకున్న ముసలి జ్యోతిష్కుడు నడుమ ఉండగా, రెండు మూలలలో ఇద్దరు పురుషులు పడుకుని ఉంటారు. వారు ఆల్ఫియోస్, క్లాడియోస్ నదులని క్రీ.శ. రెండో శతాబ్దపు యాత్రికుడు పౌసానియస్ రాశాడు. క్లాడియోస్ మోచేతుల మీద లేచి, తల ఎత్తి పందెం వైపు చూస్తుంటాడు. గోదావరిని తల్లి అనే మాకు, నది మగవాడై బోర్లా పడుకుని వేడుక చూడడం కాస్త వింతగానే తోచింది.

అదే ఆలయపు, గ్రీకు పురాణవీరుడు హెరాక్లీస్ పన్నెండు సాహసాల ఫలకాలలో ఒకదానిలో అతడు పొడవైన పనిముట్టు పట్టుకుని, ఎథీనా దేవి చెంతన నిలవగా, ఆజియస్ రాజు పశువులశాలలను శుభ్రం చేస్తున్నాడు. ఏళ్ళ తరబడి పేరుకున్న పేడను కడగడానికి అతడు ఆల్ఫియోస్‌ను మళ్ళించాడని పురాణం. నేను కథ చెప్పగానే మామయ్య, “కాటన్ దొరకు పెద్దన్నే దొరికాడు” అని నవ్వి, మళ్ళీ ఫలకం వైపు చూసి, “మళ్ళించడం సరే, ఆ మురుగు ఏ రైతు చేలోకి పోయిందో రాశారా?” అని అడిగారు. ఫలకం పక్కన ఉన్న వివరణలో ఆ సంగతి లేదు.