నిప్పు లోపల

ఆదివారం. పొద్దున్నే వంట ముగించి, గోపాలపట్నంలో 28 నంబరు బస్సెక్కి వైజాగ్ ఆర్కే బీచ్‌లో దిగాను. హవా మహల్‌లో బొమ్మల ప్రదర్శన పెట్టారని ఆఫీసులో అనుకుంటుంటే విన్నాను, ఈరోజే ఆఖరట. మా ఆయన రానన్నారు, పాపకి ట్యూషన్. ఒక్కదాన్నే వెళ్లడం మంచిదైంది. పక్కన ఎవరున్నా ఆ ఒక్క బొమ్మ ముందు నన్ను అంతసేపు నిలబడనిచ్చేవారు కాదు.

ఒడిశాలోని జయపురం రాజులు సముద్రానికి ఎదురుగా కట్టించుకున్న మేడ అది. బస్సులోంచి ఎన్నిసార్లు చూశానో, లోపలికి వెళ్లడం మాత్రం ఇది రెండోసారి. ఫ్రేము కట్టని బొమ్మల్ని క్లిప్పులతో వేలాడదీశారు. సముద్రపు గాలికి వాటి మూలలు టపటపమంటున్నాయి.

మొదట్లో ఉన్నవి పెద్ద పెద్ద కాన్వాసులు. బుద్ధుడి ముఖాలు, పరిగెత్తే గుర్రాలు, నెమలి పింఛాలు. పనితనం ఉంది, కాదనను. కానీ ఇలాంటివి చాలాచోట్ల చూశాను, మనసు నిలవలేదు. ఫిషింగ్ హార్బర్‌ని నీటిరంగుల్లో వేసిన నాలుగు బొమ్మల దగ్గర మాత్రం ఆగాను. నీటిరంగుల్లో తెలుపు కావాలంటే చాలామంది రంగు వేయరు, కాగితాన్ని అలాగే వదిలేస్తారు. బోటు అంచు మీద ఎండ, గట్టు మీద కొంగ, ఐసు పెట్టెల మెరుపు అన్నీ అలా వదిలేసిన కాగితమే. దగ్గరికి వెళ్తే గరుకు కాగితం. రెండడుగులు వెనక్కి వేస్తే కళ్లు చికిలించేంత ఎండ. మూడుసార్లు అలా ముందుకీ వెనక్కీ నడిచాను.

తర్వాత హుద్‌హుద్ తుఫాను బొమ్మ ఒకటి. 2014 అక్టోబరు 12, అదీ ఆదివారమే. అందులో కూలిన ఇళ్లు లేవు, ఏడ్చే మనుషులు లేరు. కైలాసగిరి ఒక్కటే ఉంది, కాలిపోయినట్టు గోధుమరంగులో. ఎక్కడా పచ్చ చుక్క లేదు. అచ్చం అలాగే ఉండేది! కరెంటు లేక, నీళ్లు లేక బిందెలు పట్టుకుని తిరిగిన ఆ రోజుల్లో తలెత్తి కొండ చూస్తే అది మన కొండేనా అనిపించేది. తుఫాను అనగానే అందరూ అలలే వేస్తారు. ఈయనెవరో మర్నాటి కొండని వేశాడు, చూసినవాడే వేయగలడు.

ఇక ఆ బొమ్మ. లోపలి గదిలో, కిటికీ పక్కన, రెండు జానల కాగితం మీద పెన్సిల్‌తో వేసిన ముసలావిడ. ముక్కుకి రెండువైపులా పుడకలు, తలమీద చుట్టకుదురు, దానిపైన చేపల గంప అంచు మాత్రం కనిపిస్తోంది. నోట్లో చుట్ట. నా ముందు నిలబడ్డ కుర్రజంటలో ఆ అమ్మాయి అడుగుతోంది, ‘చుట్ట వెలిగించలేదేంటి, పొగ కూడా లేదు, మర్చిపోయాడా?’ అని.

మర్చిపోలేదు. నిప్పు లోపలుంది. అది అడ్డపొగ.

మా మామ్మ భీమిలిలో చేపలమ్మేది. పొగాకు కాడ తీసి, ఆకు తడిపి, తొడమీద పెట్టి తనే చుట్ట చుట్టుకునేది. వెలిగించి, నాలుగు దమ్ములు లాగి, నిప్పున్న కొసని నోట్లోకి తిప్పుకునేది. గాలికి ఆరదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి, చుట్ట కూడా ఎక్కువసేపు వస్తుంది అనేది. అలాగే బేరమాడేది, అలాగే మమ్మల్ని తిట్టేది. నోరెందుకు కాలదే అని అడిగితే నవ్వేది. నేను పదో తరగతిలో ఉండగా అంగిట్లో పుండు లేచింది. పెద్దాసుపత్రిలో చూపించేసరికే క్యాన్సర్ ముదిరిపోయింది. అడ్డపొగ వల్లే అన్నారు డాక్టర్లు. ఆ చుట్ట అంటే నాకు ఇప్పటికీ కోపమే. అయినా చుట్ట లేకుండా మామ్మని తలుచుకోలేను.

ఇంట్లో మామ్మ ఫొటో ఒక్కటే ఉంది, స్టూడియోలో తీయించింది. చుట్ట తీసి రొంటిన దోపుకుని, నోరు బిగించి కూర్చుంది. ఎన్నేళ్లు దండ వేసినా ఆ ఫొటోలో మామ్మ నాకు కనబడలేదు. ఇవాళ ఈ ఎవరో ముసలావిడలో కనబడింది. లోపలికి పీక్కుపోయిన బుగ్గ, చుట్టని పట్టుకున్న పెదవుల బిగువు, ఎవరో ఏదో అడిగితే జవాబు చెప్పబోతున్నట్టు కొద్దిగా ఎత్తిన కనుబొమ్మ.

బాగా దగ్గరికి వెళ్లి చూశాను. చెంప మీద సన్నటి గళ్లు, రబ్బరుకి సగం చెరగనివి. ఫొటో మీద గళ్లు కొట్టి, కాగితం మీద పెద్ద గళ్లు కొట్టి, గడి గడీ చూసుకుంటూ దించిన బొమ్మ. నాన్న నాకు నేర్పింది కూడా ఇదే పద్ధతి. మన కశింకోటలో ఉండే వడ్డాది పాపయ్య గారు ‘యువ’ పత్రిక అట్టల మీద వేసిన బొమ్మలు ముందు పెట్టుకుని, స్కేలుతో గళ్లు కొట్టించేవాడు. నాకు ముక్కు దగ్గరికొచ్చేసరికి ఎప్పుడూ గడి తప్పేది. ఈ అబ్బాయికి తప్పలేదు.

అబ్బాయి అక్కడే ఉన్నాడు, పాతికేళ్లుంటాయి. ‘ఎవరు బాబూ ఈవిడ?’ అంటే ‘మా అమ్మమ్మ, మేడమ్’ అన్నాడు. ఫొటోలో అమ్మమ్మ చుట్ట లేకుండానే ఉందట. నోరూ బుగ్గా మాత్రం గుర్తు తెచ్చుకుని వేశాడట, వాటికే పదిహేను రోజులు పట్టిందట. నేను మా మామ్మ సంగతి చెప్పాను. ఆ కుర్రజంట కూడా వింటూ నిలబడిపోయారు. ధర చీటీ లేదు. అడగలేదు నేను కూడా.

వచ్చేటప్పుడు జగదాంబ దగ్గర దిగి ఒక డ్రాయింగ్ బుక్కు, 2బి, 6బి పెన్సిళ్లు కొన్నాను. రాత్రి అంట్లు తోమేశాక మామ్మ ఫొటో దించి, గళ్లు కొట్టాను. కళ్లు వచ్చాయి, ముక్కు కూడా ఫరవాలేదు. నోటి దగ్గర చెయ్యి ఆగిపోయింది. చుట్ట ఏ పక్కన ఉండేది? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

పదిన్నరకి భీమిలి అత్తకి ఫోన్ చేశాను. ఇంత రాత్రప్పుడు ఫోనేంటని కంగారుపడింది. అడిగాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

‘కుడి బుగ్గనే. అమ్మకి ఎడంపక్క పళ్లు ఉండీవి కావు కదే.’