పెద్ద టర్బో వద్దన్నాను

"వేలు పెట్టి కదుపు బాబూ" అని మేస్త్రి నా పిక్‌అప్ పాత టర్బో, అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసేది, నా చేతిలో పెట్టాడు. షాఫ్ట్ పక్కకి ఊగుతోంది. రెక్కల అంచులు హౌసింగ్‌కి రాసుకుని అరిగిపోయాయి.

మార్చక తప్పదు. ఏది వేయాలన్నదే టెన్షన్. డీజిల్ ఎక్కువ పోసేలా పంపు ముందే పెంచి ఉంది, దానికి తగ్గ గాలి అందకే బండికి నల్లపొగ. పెద్ద టర్బోతో గాలికి లోటుండదు, నిజమే. కానీ అది ఆర్పీఎం (ఇంజిన్ తిరిగే వేగం) పెరిగాక గానీ అందుకోదు. సాలూరు దాటాక ఘాట్‌లో, లోడుతో సెకండ్ గేర్‌లో మలుపు తిరిగేటప్పుడు నాకు కావాల్సింది కింది ఆర్పీఎంలో లాగుడు!

అందుకే గాలి తోసే కంప్రెసర్ కాస్త పెద్దది, త్వరగా అందుకునేలా పొగ వైపు టర్బైన్ హౌసింగ్ చిన్నది ఉన్నదే చెప్పాను. ఆయిల్ పైపు కూడా కొత్తదే. పాతదాంట్లో మడ్డి ఉంటే కొత్త బేరింగులూ ఇలాగే పోతాయి.

విజయనగరంలో దొరకలేదు, విశాఖ నుంచి రావాలి. అంతవరకు బండి షెడ్డులోనే.